ఆ ఉత్తరం ఎవరు పోస్టు చేయాలి?

ఆడిటర్ అంటే కాపలా కుక్కేగానీ వేట కుక్క కాదు. బీకాం చదివిన ఎవరిని లేపి అడిగినా ఈ మాట చెప్తారు. 1896లో ఇంగ్లండ్‌లో ఓ నూలు మిల్లు కేసులో జడ్జి అన్నమాట, మన డిగ్రీ పరీక్షల్లో ఇప్పటికీ మార్కులు రాలుస్తోంది. అదే కుర్రాడి చేతికి ఓ కిరాణా కొట్టు బిల్లుల కట్ట ఇచ్చి తేడా ఎక్కడుందో పట్టమంటే బిక్కమొహం వేస్తాడు. తప్పు అతనిది కాదు. ఒక్క అసలు ఓచర్ (ఖర్చుకి రుజువు కాగితం) కూడా చూపించకుండా పట్టా చేతిలో పెట్టి పంపేశాం.

హైదరాబాద్‌కి ఆడిటింగ్ అంటే ఏమిటో 2009 జనవరి 7న తెలిసొచ్చింది. ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపించిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనేలేవని దాని ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశారు. అంత డబ్బు లేదని ఆడిటర్లకి ఏళ్ల తరబడి ఎందుకు తెలియలేదు? కంపెనీకి బ్యాంకులో ఎంత ఉందో ఆడిటరే నేరుగా బ్యాంకుకి ఉత్తరం రాసి, జవాబు నేరుగా తనకే వచ్చేలా చూసుకోవాలి. పాఠంలో ఉన్న విషయమే. ఇక్కడ మాత్రం ఆ పని కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే మరి! 2015లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చినవాళ్లలో ఇద్దరు ఆడిటర్లూ ఉన్నారు. ఈ కేసు మన ఊళ్లోనే జరిగింది, అయినా క్లాసులో ఇంకా ఆ నూలు మిల్లు దగ్గరే ఆగిపోయాం.

ఇక ఉద్యోగాల సంగతి. అడ్మిషన్ల సీజన్‌లో ఎవరూ గట్టిగా చెప్పని నిజం ఒకటుంది: కంపెనీల చట్టబద్ధ ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఉండాల్సిందే, బీకాంలో ఆడిటింగ్ పేపర్‌కి నూటికి నూరొచ్చినా ఆ హక్కు రాదు. సీఏ అంటే మూడు మెట్ల పరీక్షలు, మధ్యలో ఆర్టికల్‌షిప్ అనే ఆఫీసు శిక్షణ (కొత్త విధానంలో రెండేళ్లే), ఫలితాల రోజు ఇంటిల్లిపాదికీ టెన్షన్. అది కుదరకపోతే దారులే లేవని కాదు. కేంద్ర ఉద్యోగాల పరీక్ష సీజీఎల్ రాసి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఏజీ ఆఫీసులో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ కావచ్చు, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. పంచాయతీలు, మున్సిపాలిటీల లెక్కలు చూసే రాష్ట్ర ఆడిట్ శాఖ ఉంది, కంపెనీల్లో ఇంటర్నల్ ఆడిట్ టీములున్నాయి.

మాకు వీటన్నిటికంటే నచ్చింది సామాజిక తనిఖీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద మొదలైంది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చారు, వాళ్లు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని గడపగడపకీ వెళ్లి "ఎన్ని రోజులు పనికెళ్లావమ్మా, చేతికెంత వచ్చింది?" అని అడిగి, ఆ జవాబుల్ని ఊరందరి ముందూ చదివి వినిపించారు. సత్యంలో జరగాల్సిందీ ఇదే కదా, మధ్యలో ఎవర్నీ పెట్టకుండా నేరుగా వెళ్లి అడగడం!

కాబట్టి యూనివర్సిటీలకి మేం అడిగేది ఒక్కటే. ఆడిటింగ్ పేపర్‌లో ఇంటర్నల్ మార్కులు అసైన్‌మెంట్ కాపీ కొట్టినందుకు వేయడం ఆపండి. ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఓ పది రోజులు సామాజిక తనిఖీ బృందాల వెంట పంపి, వాళ్లు రాసుకొచ్చిన నోటు పుస్తకం చూసి వేయండి.