పోయిన ఏడాది చిట్టా ఎక్కడుంది?

గత డిసెంబరులో పొదిలి దగ్గర మా ఊరి ఉన్నత పాఠశాల ఆవరణలో, విదేశాల్లో ఉంటున్న మన వాళ్ల సంఘం జరిపిన మెగా వైద్య శిబిరం వార్తను, ఫొటోలతో సహా, పోయిన సంచికలో సభ్యులంతా చూసే ఉంటారు. ఆ వార్తలో చోటు దొరకని ఒక సంఘటన నన్ను చాలా బాధించింది. సాయంత్రం సన్మాన సభలో దాతలకు, డాక్టర్లకు శాలువాలు కప్పి జ్ఞాపికలు ఇవ్వడం పూర్తయ్యాక, ఎవరికైనా రెండు మాటలు చెప్పాలని ఉంటే చెప్పమన్నారు. వెనక వరుసలో కూర్చున్న మా ఊరి ఏఎన్‌ఎం లేచి, "సార్, పోయిన ఏడు కూడా ఇక్కడే క్యాంపు పెట్టారు. బీపీ ఎక్కువున్నోళ్లు, షుగరున్నోళ్లు ఎవరెవరో రాసుకున్నారు గదా. ఆ చిట్టా నాకిస్తే ఇంటింటికీ పోయి మందులు వాడతన్నారో లేదో నేను చూసుకుంటాను. అది ఎక్కడుంది సార్?" అని అడిగింది. వేదిక మీద ఎవరి దగ్గరా జవాబు లేదు. "అమ్మా, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం, భోజనాలకు ఆలస్యమవుతోంది" అని కార్యవర్గంలోని పెద్ద ఒకరు మైకు తీసుకున్నారు. శిబిరానికి ముందు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, నడవలేని వాళ్లకు ఆటోలు మాట్లాడి, ఆ జనాన్నంతా అక్కడికి చేర్చిన మనిషి ఆమె. ఆమె ఏమీ అనకుండా కూర్చుంది.

నేను ఇంగ్లండులో ఒక జీపీ సర్జరీలో, అంటే కుటుంబ డాక్టర్ల క్లినిక్‌లో, పరిశోధన నర్సుగా పనిచేస్తున్నాను. ఆమె అడిగిన ప్రశ్న నా ఉద్యోగంలో అన్నిటికన్నా ముందుగా అడిగే ప్రశ్న. అందుకే మర్నాడు ఉదయం ఆమె వెంట విలేజ్ క్లినిక్‌కు వెళ్లాను. గర్భిణుల రిజిస్టరు, పిల్లల టీకాల రిజిస్టరు, బీపీ షుగర్ల సర్వే పుస్తకం, వీటిలో ఉన్నదే మళ్లీ ఎక్కించాల్సిన ఫోను యాప్‌లు అన్నీ చూపించింది. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఏముందో ఆమెకు నోటికి వచ్చు. ఆమె దగ్గర లేనిది మనం రాసుకుని ఎక్కడో పారేసుకున్న చిట్టా ఒక్కటే.

మేము అక్కడ ఉండగానే నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ చీరల షాపు కవరు ఒకటి పట్టుకుని వచ్చింది. అందులో కొన్నేళ్లుగా పోగైన శిబిరాల చీటీలు ఉన్నాయి. ఒక దాని మీద ఒక ట్రస్టు పేరు, మరొక దాని మీద ఒక కార్పొరేట్ ఆసుపత్రి పేరు, రెండింటి మీద మన సంఘం గుర్తు కనిపించాయి. ప్రతి చీటీ మీదా నూట అరవైకి పైన బీపీ అంకె, దాని కింద "నెల తర్వాత చూపించుకోవలెను" అన్న మాట రాసి ఉన్నాయి. ఎవరికి చూపించుకోవాలో ఏ చీటీ మీదా లేదు. ఇచ్చిన మాత్రలు పది రోజులవి, అయిపోయాక ఆవిడ మానేసింది. "వీటిల్లో ఏది పనికొస్తదో నువ్వే చూడు తల్లీ" అని కవరు నా చేతికిచ్చింది. మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నావని అడిగితే, మందుల షాపులో ఇచ్చే నొప్పి మాత్ర రోజుకొకటి, పనికి పోయిన రోజు రెండు వేసుకుంటానని చెప్పింది. ఆ సంగతి ఏ చీటీ మీదా లేదు. అలాంటి మాత్రలు బీపీని పెంచుతాయనీ, దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలను దెబ్బతీయగలవనీ వైద్యం తెలిసిన వారందరికీ తెలుసు. శిబిరంలో మనిషికి దొరికే రెండు నిమిషాల్లో ఈ ప్రశ్న అడిగే తీరిక ఏ డాక్టరుకూ ఉండదు. నేను ఆ డాక్టర్లను తప్పుపట్టడం లేదు.

నేను పనిచేసే చోట రోగుల చిట్టా రాసుకుని, వారిని మళ్లీ మళ్లీ చూసే పరిశోధన పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఇంగ్లండులో ఆరోగ్య పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే సంస్థ ఎన్‌ఐహెచ్‌ఆర్ 2006లో ఏర్పడింది. ప్రాథమిక వైద్యంలో పరిశోధన కోసమే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఒక విభాగం కూడా దానికి అదే ఏడాది నుంచి ఉంది. ఎన్‌ఐహెచ్‌ఆర్ కింద ప్రాంతీయ పరిశోధన నెట్‌వర్కులు పనిచేస్తాయి, 2024 అక్టోబరు నుంచి వీటి సంఖ్య పన్నెండు. ఒక అధ్యయనానికయ్యే ఖర్చును అక్కడ ఒకే ముద్దగా చూడరు. ప్రశ్నను రూపొందించి, లెక్కలు కట్టి, ఫలితాన్ని ప్రచురించడానికి అయ్యే ఖర్చు గ్రాంటు నుంచి వస్తుంది. రోగికి ఎలాగూ ఇవ్వాల్సిన వైద్యం ఖర్చును అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ భరిస్తుంది. ఈ రెంటికీ నడుమ ఎవరి కంటికీ ఆనని పని ఒకటుంది. సర్జరీ కంప్యూటరులో వెతికి అర్హులైన రోగుల పేర్లు తీయాలి, ఎవరికి ఉత్తరం పంపకూడదో జీపీ ఆ జాబితా చదివి చెప్పాలి, వచ్చిన వారిని కూర్చోబెట్టి విషయమంతా వివరించి సమ్మతి తీసుకోవాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ పిలవాలి. ఈ పనికి పట్టే గంటలకు నెట్‌వర్కు డబ్బు చెల్లిస్తుంది. సర్జరీకి సొంత నర్సు లేకపోతే నెట్‌వర్కు తన నర్సును పంపుతుంది, సిబ్బందికి పరిశోధన నియమాల మీద ఉచితంగా శిక్షణ ఇస్తుంది. రోగి ఒప్పుకునేదాకా అతని పేరు పరిశోధకుడికి తెలియదు, ఉత్తరం అతని సొంత సర్జరీ నుంచే వెళ్తుంది. తెలిసిన డాక్టరు పేరుతో వచ్చిన ఉత్తరం కాబట్టే జనం చదువుతారు.

ఈ ఏర్పాటులో లోపాలు లేవని నేను అనను. పేదలు ఎక్కువగా ఉండే చోట్ల సర్జరీలకు రోగులను చూడడానికే సమయం చాలదు కనుక, పరిశోధన ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా జరుగుతుంది. అయినా దాని బలం 2020లో లోకమంతా చూసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ప్రిన్సిపుల్ అనే అధ్యయనంలో కోవిడ్ సోకి ఇంట్లోనే ఉన్న పెద్ద వయసు వారిని జీపీ సర్జరీల ద్వారా చేర్చుకుని ఏ మందు పనిచేస్తుందో పరీక్షించారు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రెండూ ఇంటి దగ్గరున్న కోవిడ్ రోగులకు మేలు చేయవని 2021 జనవరికే తేలింది. ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఒంగోలు, కందుకూరు, కావలి వైపు మన బంధువుల ఇళ్లలో ఎంతమంది ఆ మాత్రలే మింగారో మీలో ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది.

ఇదంతా డబ్బున్న దేశపు వ్యవహారమనీ, మన పల్లెల్లో సాగదనీ సభ తర్వాత ఒక మిత్రుడు నాతో అన్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల ఊరు ఒకటుంది. అక్కడ జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు ఊళ్లో పెద్దలందరి బీపీ చూసి, ఎక్కువున్న వారిని వదలకుండా పాతికేళ్ల పాటు కనిపెట్టుకుని, ఆ రాతల ఆధారంగానే పరిశోధన చేశారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని 1971లో ఆయన రాసిన మాటను వైద్య లోకం నేటికీ తలుచుకుంటుంది. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాలకు కారణాలను, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కుటుంబ సభ్యులను అడిగి నమోదు చేశారు. దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. పల్లెల్లో జనాన్ని చంపేవి ప్రధానంగా అంటురోగాలేనన్న నమ్మకాన్ని అది కదిలించింది. ఆ వివరాలను సేకరించింది మా ఏఎన్‌ఎం లాంటి మనుషులే.

ఇక మా పొదిలి సంగతి. తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును భారతదేశంలో శాస్త్రీయంగా మొదట వర్ణించింది మన ప్రాంతం నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బు మీద వ్యాసం ప్రచురించారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆ ముగ్గురిలో సి.జి. పండిట్ తర్వాతి కాలంలో దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు మొదటి డైరెక్టరయ్యారు. డాక్టర్ల కన్నా ముందే మన రైతులు ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని గమనించారని చెబుతారు. ప్రశ్న పుట్టింది మన చేలలో, దానికి జవాబు వెతకడానికి మద్రాసు నుంచి మనుషులు వచ్చారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా పడమటి ప్రకాశంలో కీళ్లు పట్టేసిన మనిషి నొప్పి మాత్రల మీదే రోజులు వెళ్లదీస్తున్నాడు, మూత్రపిండాలు చెడిపోయిన వారు డయాలసిస్ కోసం బస్సులెక్కి తిరుగుతున్నారు. ఇందులో నీటి పాలెంత, ఎండలో కూలి పనిది ఎంత, బీపీది ఎంత, మందుల షాపు మాత్రలది ఎంత అన్నది పెద్దాసుపత్రిలో కూర్చుంటే తేలే విషయం కాదు, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. ఊళ్లో, పీహెచ్‌సీలో, ఇంకా బాగానే తిరుగుతున్న మనుషులను ఏళ్ల తరబడి చూస్తేనే అది తెలుస్తుంది.

శిబిరాల వల్ల మేలు లేదని నేను అనడం లేదు. శుక్లాల ఆపరేషనుకు పంపిన వారికి చూపు వచ్చింది, అది చిన్న విషయం కాదు. అసలు మన నెల్లూరు సీమకు ఇంతకన్నా గట్టి సంప్రదాయం ఉంది. నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి గారు పల్లె యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి మళ్లీ పల్లెలకే పంపించారు. ఆర్ఎంపీ అంటే మొహం చిట్లించే మనవాళ్లు, అర్ధరాత్రి తలుపు తట్టినా సైకిలెక్కి వచ్చిన ఆ మనుషులనే చిన్నప్పుడు నమ్ముకుని బతికామని మరిచిపోకూడదు. మనిషిని ఎరిగి, మళ్లీ మళ్లీ చూసే వైద్యం వారిది. మనం విదేశాల నుంచి తీసుకెళ్లే శిబిరంలో ఫ్లెక్సీ పెద్దదిగా ఉంది, ఎరుక లేదు. ఇచ్చిన చేయి కనిపించాలన్న కోరిక మన ఊళ్లలో గుడి ధ్వజస్తంభం దగ్గరి నుంచి బడి బెంచీ దాకా దాతల పేర్లు చెక్కించింది. దాని వల్ల గుళ్లూ బళ్లూ లేచాయి కాబట్టి దాన్ని నేను తప్పనను, కానీ బీపీ మాత్ర మీద పేరు చెక్కలేము, మూడేళ్ల పాటు ఒక నర్సు జీతం ఇస్తే దానికి శిలాఫలకం ఉండదు. అందుకే ఆ పనికి మన దగ్గర డబ్బు పుట్టడం లేదని నా బాధ.

మన దేశంలో దారి లేకపోలేదు. 2007లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన శాఖ గ్రామీణ ఆరోగ్య పరిశోధన కేంద్రాల పథకం పెట్టింది, మన రాష్ట్రంలో అలాంటిది చంద్రగిరిలో ఉంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు, వాటిలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు ఉన్నాయి. డబ్బు పంపే విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మనలో విదేశీ పౌరసత్వం తీసుకున్న వారి విరాళం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందికి వస్తుంది, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరొక సంస్థకు మళ్లించడానికి వీల్లేదు. విదేశీ నిధులతో చేసే ఆరోగ్య పరిశోధనకు కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలక సంఘం అనుమతి, కళాశాల నైతిక సంఘం అనుమతి రెండూ కావాలి. వీటికి సమయం పడుతుంది, పట్టాలి కూడా. మన ఊరి జనం రక్తం, వివరాలు ఎవరు పడితే వారు తీసుకుపోకుండా కాపాడేవి ఈ నియమాలే.

ఈ ఉగాది సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం ప్రవేశపెడుతున్నాను. శిబిరాలకు కేటాయించే మొత్తంలో సగాన్ని వరసగా మూడేళ్ల పాటు పొదిలి, కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల్లో ముందుకొచ్చే కొద్ది పీహెచ్‌సీలకు అండగా ఉంచాలి. ఆ డబ్బుతో ఒక పరిశోధన నర్సుకు జీతం, సరిచూసిన బీపీ మిషన్లు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షల ఖర్చు, అదనంగా పనిచేసే ఆశా కార్యకర్తలకూ ఏఎన్‌ఎంలకూ ప్రభుత్వ అనుమతితో భత్యం ఇవ్వాలి. ప్రశ్నను వైద్య కళాశాల వారూ పీహెచ్‌సీ సిబ్బందీ కలిసి నిర్ణయించాలి, మనం కాదు. నన్నడిగితే రోజూ నొప్పి మాత్ర వేసుకునే వారి బీపీ, క్రియాటినిన్ మూడేళ్లలో ఎలా మారుతున్నాయో చూడమంటాను. వివరాలు పీహెచ్‌సీలోనే ఉండాలి, ఫలితం ముందు ఊరికి తెలుగులో చెప్పాలి. మిగిలిన సగంతో శిబిరం జరిపినా, రోగులు ఒప్పుకున్న మేరకు ఆ రోజు చిట్టా అదే సాయంత్రం పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు చేతికి అందాలి, రసీదు తీసుకోవాలి. తీర్మానాన్ని బలపరచడానికి నియమావళి ప్రకారం మరొక సభ్యుని సంతకం కావాలి. దయచేసి సమావేశానికి ముందే కార్యదర్శి గారికి మీ పేరు పంపండి.