అందరూ టవర్ ఎక్కితే...

ఆన్‌లైన్‌లో విమానాలు నడిపేవాళ్లు పెద్ద ఈవెంట్ పెట్టుకున్నప్పుడు పాటించాల్సిన మొదటి సూత్రం ఇది: విమానాల సంగతి తర్వాత, ముందు పదవులు పంచాలి. విమానం ఆలస్యమైతే పైలట్ విసుక్కుంటాడు, అయినా మళ్లీ వస్తాడు. పదవి ఆలస్యమైన మనిషి మాత్రం అలిగి వెళ్లి సొంతంగా ఇంకో ఈవెంట్ మొదలుపెడతాడు. అదీ అదే రోజు, అదే వేళకి.

ఈ లోకంతో పరిచయం లేనివాళ్లకి రెండు ముక్కలు. ఇందుకోసం రెండు పెద్ద ఆన్‌లైన్ నెట్‌వర్కులున్నాయి: ఐవావో 1998 నుంచీ, వాట్సిమ్ 2001 నుంచీ నడుస్తున్నాయి. ఒకరు తమ ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో విమానం నడుపుతారు, ఇంకొకరు ఇంకెక్కడో కూర్చుని దానికి దారి చెబుతారు. ఇద్దరికీ జీతం లేదు. అయినా అసలు పైలట్లు, అసలు కంట్రోలర్లు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు. వాట్సిమ్‌లో ఏటా రెండుసార్లు ‘క్రాస్ ది పాండ్’ పేరుతో వందల విమానాలు అట్లాంటిక్ దాటుతాయి. ఇంత పెద్ద పని ఉచితంగా చేసేవాళ్లకి ఇవ్వగలిగింది గౌరవం ఒక్కటే కాబట్టి, దాన్ని పదవుల రూపంలో ధారాళంగా ఇవ్వాలన్నది మా కమిటీ నిశ్చితాభిప్రాయం.

అందుకే ఈవెంట్ డైరెక్టర్ ఉంటారు. ఆయనకి డిప్యూటీ ఉంటారు. ఎవరు ఏ సీటులో కూర్చోవాలో రాసే రోస్టర్‌కి ఒక ఇన్‌ఛార్జి, ఏ విమానానికి ఏ వేళ అని పంచే స్లాట్లకి ఒకరు, బ్యానర్‌కి ఒకరు, బ్యానర్‌లో విమానం రంగు మీద అభ్యంతరం చెప్పడానికి ఇద్దరు. బ్రీఫింగ్ పత్రం రాయడానికి ఒకరు, అది అందరూ చదివారా అని అడగడానికి మరొకరు. ఆ అడిగేవాళ్లు దాన్ని చదవాలన్న నియమం లేదు. వీళ్లందరినీ సమన్వయం చేయడానికి కోఆర్డినేటర్లు, కోఆర్డినేటర్ల మధ్య మాటల్లేకుండా పోయినప్పుడు రాజీకి చీఫ్ కోఆర్డినేటర్.

ఇక మిగిలింది విమానాలతో మాట్లాడే పని. అది చిన్న విషయం గనక చివర్లో చూసుకుంటాం.

ఇందులో అందరికీ కావలసింది రన్‌వే చూసే టవర్. కారణం తెలిసిందే. ‘క్లియర్డ్ ఫర్ టేకాఫ్’ అనే మాట అక్కడే ఉంది. ఆ మాట అన్నాక విమానం లేస్తుంది, తన వల్లే లేచిందని అనిపిస్తుంది. అప్రోచ్‌కి కూడా గిరాకీ ఉంది, పది విమానాలని వరసలో పెట్టి దించితే చూసేవాళ్లు మెచ్చుకుంటారు. సెంటర్ సరేసరి, ఆకాశంలో సగం వాళ్లదే.

డెలివరీ దగ్గరికి వచ్చేసరికి రోస్టర్ షీటులో గడి తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

డెలివరీ ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. ఫ్లైట్ ప్లాన్ తెరవాలి. రూట్ సరైనదో కాదో చూడాలి. కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి, రెండేళ్ల కింద కాపీ చేసుకున్న రూట్‌ని పైలట్ సమర్థించుకుంటుంటే ఓపిగ్గా వినాలి. తర్వాత ఏ దారిన వెళ్లాలో చెప్పే క్లియరెన్స్ చదివి, రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే స్క్వాక్ నంబర్ ఇచ్చి, ఆయన తిరిగి చదివిన దాంట్లో తప్పు పట్టుకుని మళ్లీ చదవాలి. ఇదంతా ఒక్క విమానానికి. ఈవెంట్ మొదలైన మొదటి అరగంటలో గేట్ల దగ్గరున్న వాళ్లంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పిలుస్తారు. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే వినిపించేది గీపెట్టిన శబ్దం తప్ప మరేం కాదు. ఆ శబ్దానికి జవాబు చెప్పాల్సిన మనిషికి బ్యాడ్జి లేదు. వీడియో పెట్టినా చూసేవాడు లేడు. ఇక్కడ పని ఆగితే టవర్‌కి పంపడానికి విమానం ఉండదన్న చిన్న ఇబ్బంది ఉంది గానీ, దానికోసం ఇంత మంచి ఏర్పాటుని మార్చుకోలేం కదా.

కంట్రోలర్లకి అర్హతని బట్టి ఇచ్చే రేటింగుల పద్ధతి కూడా మాకు కలిసొచ్చింది. వాట్సిమ్‌లో ఎస్1 వచ్చినవాళ్లు డెలివరీ, గేటు నుంచి రన్‌వే దాకా దారి చెప్పే గ్రౌండ్ చూస్తారు. ఎస్2 వస్తే టవర్, ఎస్3 వస్తే అప్రోచ్, సీ1 వస్తే సెంటర్. పైకి వెళ్లినవాళ్లు కిందివి చేయకూడదని ఎక్కడా లేదు. చేయరు, అంతే.

దీనికి విరుద్ధంగా ఆ నెట్‌వర్క్‌లో ఒక వింత ఆచారం ఉంది. గ్రౌండ్‌లో ఎవరూ లేకపోతే ఆ పని టవర్ చేయాలి. టవర్ కూడా లేకపోతే అప్రోచ్. అతనూ లేకపోతే సెంటర్‌లో కూర్చున్న పెద్దమనిషి ఎక్కడో మూలనున్న విమానాశ్రయంలో చిన్న విమానానికి క్లియరెన్స్ చదివి, గేటు నుంచి రన్‌వే దాకా దారి చెప్పాలి. అంటే పదవి పెరిగేకొద్దీ కిందివాళ్ల పని నెత్తిన పడుతుందన్నమాట. దీన్ని కనిపెట్టినవాళ్లకి సంస్థలు ఎలా నడుస్తాయో బొత్తిగా తెలియదు. మా కమిటీలో ఈ లోపాన్ని సరిదిద్దాం. కోఆర్డినేటర్ రాకపోతే ఆయన పని కిందివాళ్లు చేస్తారు. వచ్చినా కిందివాళ్లే చేస్తారు.

స్లాట్ల విషయంలో ఒక్క మనిషి మమ్మల్ని ఇబ్బంది పెట్టాడని ఒప్పుకోవాలి. ట్రాఫిక్ ఫ్లో చూసే ఆయన. గంటకి 30 విమానాలు దిగగలిగే రన్‌వేకి 50 స్లాట్లు ఇస్తే, మిగతా 20 గాల్లో చక్కర్లు కొడతాయని, తర్వాతి గంటలో వచ్చేవి వాటికి తోడవుతాయని ఆయన వాదన. లెక్క సరిగానే ఉంది. కానీ 50 అనే అంకె బ్యానర్ మీద బాగుంటుందని సోషల్ మీడియా విభాగం చెప్పింది, ఆ విభాగంలో మనుషులెక్కువ. ఆయన్ని సలహాదారుని చేశాం. ఇప్పుడు ఆయన సలహా ఎవరూ అడగరు, అంతా ప్రశాంతంగా ఉంది.

సమయం గురించి గొడవే లేదు. విమానయానంలో అంతా జులూ టైమ్, ప్రపంచమంతా ఒకటే గడియారం. అందువల్ల గంట ముందొచ్చినవాళ్లూ, గంట తర్వాత వచ్చినవాళ్లూ తమ లెక్కే కరెక్టని పూర్తి నమ్మకంతో వాదించగలుగుతున్నారు.

రిలీఫ్ కంట్రోలర్ల ప్రస్తావన కూడా వచ్చింది. నాలుగైదు గంటలు ఒకే మనిషి మైకు ముందు కూర్చుంటే గొంతు పోతుంది, మూడో గంటలో విమానాల్ని పిలిచే పేర్లు, అంటే కాల్‌సైన్లు, కలగాపులగమవుతాయి, కాబట్టి మధ్యలో సీటు అందుకోవడానికి ఒకరుండాలని ఎవరో అన్నారు. నిజాయితీగా చెప్పాలంటే రోస్టర్ మొత్తంలో అంత పనికొచ్చే మనిషి ఇంకొకరుండరు. అయితే ‘అవసరమైతే వస్తాను’ అనే మనిషికి ఏ పేరు పెట్టాలో తేలక ఆ అంశాన్ని వాయిదా వేశాం.

సూపర్‌వైజర్లు మాత్రం మా చేతిలో లేరు, వాళ్లని నెట్‌వర్కే పంపుతుంది. రన్‌వే మధ్యలో విమానం ఆపి భోజనానికి వెళ్లినవాళ్లని, హైజాక్ కోడ్ 7500 పెట్టి సరదా చేద్దామనుకునేవాళ్లని వాళ్లు చూసుకుంటారు. కంట్రోలర్ ఒక్క మెసేజ్ పెడితే చాలు, వచ్చేస్తారు. సమావేశం పెట్టకుండా, మినిట్స్ రాయకుండా సమస్య ఎలా తీరుస్తున్నారో పరిశీలించడానికి ఉపసంఘం వేశాం.

వచ్చే ఈవెంట్‌కి రోస్టర్ దాదాపు సిద్ధం. టవర్‌కి వెయిటింగ్ లిస్టు ఉంది, దయచేసి ఇక పేర్లు పంపొద్దు. డెలివరీలో ఒక సీటు ఖాళీ. ఎస్1 చాలు, ఓపిక తప్పనిసరి. ఎంపికైనవారు నేరుగా పదకొండుమంది కోఆర్డినేటర్ల పర్యవేక్షణలో పనిచేస్తారు.