ఆ తూర్పు తిమోర్ ఫార్వర్డ్ ఇంకెన్నిసార్లు పంపుతారు?

ఈ వారంలో ఇది నాలుగోసారి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, మా బాబాయి రెండుసార్లు. "ప్రపంచంలోకెల్లా కొత్త దేశం తూర్పు తిమోర్‌ని చూసి సిగ్గుపడండి! ఒకటే సభ. ప్రజలు పార్టీని కాదు, మనిషిని చూసి ఎంపీని ఎన్నుకుంటారు. ప్రభుత్వాలు కూలవు. మహిళలకు 33 శాతం సీట్లు రిజర్వు. ఎంపీలే పెన్షన్ వదులుకున్నారు. ఇక మనకు శాసన మండళ్లెందుకు?" దాని కింద వరసగా ఆరు దండాలు.

చిన్న తప్పులు ముందు తేల్చేద్దాం. తూర్పు తిమోర్ స్వతంత్రమైంది 2002 మే 20న. దక్షిణ సూడాన్ 2011లో పుట్టింది. కాబట్టి అన్నిటికన్నా కొత్త దేశం ఇది కాదు. ఆ ఫార్వర్డ్‌తో పెట్టిన ఫొటోలోని స్తంభాల భవనం లిస్బన్‌లోది, అంటే పోర్చుగల్ పార్లమెంటు. వలస పాలకుల భవనాన్ని తెచ్చి విముక్తికి గుర్తుగా పెట్టారు, బాగుంది.

అసలు తంటా "మనిషిని చూసి" అన్న మాటతోనే. అక్కడ జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. బ్యాలెట్‌లో ఉండేవి పార్టీలే, అభ్యర్థుల్లోంచి ఒకరిని ఎంచుకునే వీలే లేదు. దేశం మొత్తం ఒకటే నియోజకవర్గం. పార్టీలు ముందే జాబితా ఇస్తాయి, అందులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది పార్టీ ఇష్టం. ఇండిపెండెంట్‌గా నిలబడే దారి లేదు. ఒక్కో పార్టీ ఓట్లను 1తో, 2తో, 3తో అలా భాగిస్తూ పోతారు. లక్ష ఓట్లొస్తే లక్ష, యాభై వేలు, 33,333... ఇలా అన్ని పార్టీల అంకెలనూ ఒక వరసలో పెడితే, పైనున్న 65 అంకెలకు 65 సీట్లు. 4 శాతం ఓట్లు రాని పార్టీకి ఈ లెక్కలోకే ప్రవేశం లేదు. 2017కి ముందు ఇది 3 శాతమే. 2023లో 17 పార్టీలు పోటీ చేస్తే సభలోకి వచ్చినవి ఐదు. ఎవరైనా మంత్రి అయితే ఆ సీట్లో జాబితాలోని తర్వాతివాళ్లు వచ్చి కూర్చుంటారు.

ఇది మంచి పద్ధతో చెడ్డ పద్ధతో వేరే చర్చ. కానీ ఒయెకుసి అనే జిల్లా సంగతి చూడండి. మిగతా దేశంతో నేల మీద సంబంధమే లేదు, ఒకవైపు సముద్రం, మిగతా వైపులా ఇండోనేషియా. అక్కడి రైతుకు రోడ్డు కావాలంటే ఏ ఎంపీ దగ్గరికెళ్లాలి? మన దగ్గరైతే పొద్దున్నే ఏడింటికి అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి గేటు దగ్గర నిలబడతాం. పని కాకపోవచ్చు, కనీసం తిట్టుకోవడానికి ఒక పేరుంటుంది. ఒయెకుసి రైతుకు "మా ఎంపీ" అంటూ ఎవరూ లేరు. పార్టీ పెత్తనం పోవాలని కలలు కంటూ, పార్టీ జాబితాకే ఓటేసే దేశాన్ని ఆదర్శంగా పంచడం మనకే చెల్లింది.

ప్రభుత్వాలు కూలవట! 2017లో 65 సీట్లలో ఫ్రెటిలిన్ పార్టీకి 23, సీఎన్‌ఆర్‌టీ పార్టీకి 22. ఫ్రెటిలిన్ మైనారిటీ ప్రభుత్వం పెట్టిన పాలనా కార్యక్రమాన్ని సభ తిప్పికొట్టింది, అధ్యక్షుడు సభను రద్దు చేశాడు, 2018 మేలో మళ్లీ ఎన్నికలు. 2023లో 31 సీట్లు గెలిచిన సీఎన్‌ఆర్‌టీ నాయకుడు షనానా గుస్మావ్ కూడా ఇంకో పార్టీ చేయి పట్టుకునే ప్రధాని అయ్యాడు.

మహిళలకు రిజర్వు సీట్లు లేవు. జాబితాలో ప్రతి ముగ్గురిలో ఒకరు మహిళ ఉండాలి, అంతే. అయినా సభలో మూడో వంతుకు అటూ ఇటూగా మహిళలు ఉంటున్నారు. దీనికి మాత్రం దండం పెట్టొచ్చు.

ఇక పెన్షన్ త్యాగం. 2025 సెప్టెంబరులో 65 మంది ఎంపీలకు 65 కొత్త కార్లు కొనాలనుకున్నారు, ఖర్చు సుమారు 42 లక్షల డాలర్లు. రాజధాని డిలీలో విద్యార్థులు పార్లమెంటు ముందు చేరారు. టైర్లు కాలాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. కార్లు రద్దయ్యాయి. విద్యార్థులు అప్పటికీ కదల్లేదు, మాజీ ఎంపీల జీవితకాల పెన్షన్ కూడా తీసేయమన్నారు. అదీ పోయింది. స్వచ్ఛందంగా అంటే ఇదేనా?

ఇదంతా బాబాయికి టైప్ చేసి పంపాను. మన ఆంధ్రప్రదేశ్ శాసన మండలిని 1985లో తీసేశామని, 2007లో తెచ్చుకున్నామని, 2020లో మళ్లీ వద్దన్నామని, 2021లో ఆ తీర్మానమే వద్దన్నామని కూడా గుర్తుచేశాను. పావుగంట తర్వాత జవాబొచ్చింది.

"సరేరా. కానీ ఆ పెన్షన్ బిల్లు కొద్ది రోజుల్లోనే తేలిపోయిందంటే, ఒకటే సభ ఉండబట్టి కాదూ? రెండో సభ ఉంటే ఏ కమిటీకో పంపి కూర్చునేవాళ్లు."

నేను ఆలోచించని పాయింటు. అవును బాబాయ్ అని పెట్టాను. వెంటనే ఆరు దండాలు.