లైసెన్స్ చూపిస్తే కాక్‌పిట్‌లో సీటట!

దయచేసి ఆ మెసేజ్ ఇక నాకు పంపకండి. పైలట్ ట్రైనింగ్ గ్రూపులో అదే, బంధువుల గ్రూపులో అదే, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అదే. చూడని అదృష్టవంతుల కోసం సారాంశం (జంప్‌సీట్ అంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనకుండే అదనపు సీటు): "అమెరికాలో ప్రైవేట్ జెట్ పైలట్ అయితే ఏ ఎయిర్‌లైన్‌లోనైనా జంప్‌సీట్‌లో జీవితాంతం ఫ్రీ. లైసెన్స్ చూపిస్తే చాలు. కెప్టెన్ కాదనడానికి వీల్లేదు. భార్యాబిడ్డలకీ ఫ్రీ. బదులుగా ఎయిర్‌లైన్ పైలట్లు ప్రైవేట్ జెట్లు ఎక్కుతారు. ఇండియాలోనూ ఇదే రూలు. మీ కంపెనీ చిన్నదైతే ఐడీ కార్డు మీరే ప్రింట్ చేయించుకోండి, యూనిఫాంలో వెళితే గేటు దగ్గర ఎవరూ అడగరు." కింద ఒక కన్సల్టెన్సీ ఫోన్ నంబరు, నాలుగు విమానం బొమ్మలు.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. భార్యాబిడ్డలకు జంప్‌సీట్ లేదు. ఎయిర్‌లైన్ తన ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే, సీటు మిగిలితేనే ఎక్కనిచ్చే స్టాండ్‌బై పాస్ వేరు, ఇది వేరు. జీవితాంతమూ కాదు, ఉద్యోగం ఉన్నన్నాళ్లే. ఇక కెప్టెన్ సంగతి: ఆయన వద్దంటే వద్దంతే, కారణం చెప్పక్కర్లేదు.

"లైసెన్స్ చూపిస్తే చాలు" అన్న దగ్గర కాస్త ఆగాలి. క్యాబిన్‌లో తనకంటూ సీటు లేకుండా బయటి కంపెనీ పైలట్ ఒకరు కాక్‌పిట్‌లో కూర్చోవాలంటే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన 121.547 ప్రకారం అతను పార్ట్ 119 సర్టిఫికెట్ (డబ్బు తీసుకుని విమానాలు నడిపే కంపెనీకి ఎఫ్‌ఏఏ ఇచ్చే అనుమతి) ఉన్న కంపెనీలో పైలట్‌గా పనిచేస్తూ ఉండాలి. అద్దె విమానాలు (చార్టర్లు) నడిపే పార్ట్ 135 కంపెనీలకు ఆ సర్టిఫికెట్ ఉంటుంది. ఒక కోటీశ్వరుడు తన సొంత జెట్‌ను పార్ట్ 91 (సొంత వాడకానికి వర్తించే నిబంధనలు) కింద తిప్పుకుంటుంటే దాని పైలట్‌కు ఉండదు. అతని లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ ఎయిర్‌లైన్ కెప్టెన్‌వి లాంటివే అయినా లాభం లేదు. ఇండియన్ ఎయిర్‌లైన్ పైలట్లకూ ఇదే గతి. వాళ్ల కంపెనీకి ఉండేది అమెరికా పార్ట్ 119 సర్టిఫికెట్ కాదు కదా.

సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? పోదు. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఇతర కంపెనీల పైలట్లను కాక్‌పిట్‌లోకి రానివ్వడం ఆపేశారు. మళ్లీ తలుపు తెరిచింది క్యాస్ అనే కంప్యూటర్ తనిఖీ వచ్చాకే. మీ కంపెనీ అందులో చేరి ఉండాలి. చాలా పార్ట్ 135 కంపెనీలు చేరలేదు. పైగా ఆ ఎయిర్‌లైన్‌కూ మీ కంపెనీకీ మధ్య జంప్‌సీట్ ఒప్పందం ఉండాలి. ఇవన్నీ కుదిరాక గేటు దగ్గర జరిగేది ఇదీ: కంపెనీ ఐడీ, పైలట్ లైసెన్స్, మెడికల్, పాస్‌పోర్టు ఇస్తారు. ఏజెంట్ మీ కంపెనీ కోడ్, ఎంప్లాయీ నంబరు కొడతారు. మీ కంపెనీ పంపిన ఫొటో, సరే లేదా కాదు అన్న జవాబు స్క్రీన్ మీద వస్తాయి. సరే అంటే ఒక స్లిప్పు ఇస్తారు. అది పట్టుకుని విమానంలోకి వెళ్లి, కెప్టెన్‌కు పరిచయం చేసుకుని, అనుమతి అడగాలి. ఎంబ్రాయర్ 175 అనే చిన్న ఎయిర్‌లైన్ విమానంలో ఉన్న జంప్‌సీట్ ఒక్కటే. ఆ ఎయిర్‌లైన్ సొంత పైలట్ ఎవరైనా వచ్చారా, మీరు దిగిపోవాలి. ఎండ మండుతున్న మధ్యాహ్నం బరువు ఎక్కువైందన్నా మీరే ముందు దిగేది.

ఇప్పుడు అసలు విషం. ఐడీ కార్డు మీరే ప్రింట్ చేయించుకోవాలట!

అయ్యా, ఏజెంట్ చూసేది కార్డు మీది లోగోను కాదు, స్క్రీన్‌ను. టైలర్ దగ్గర భుజానికి నాలుగు చారలు దొరుకుతాయి, క్యాస్‌లో పేరు దొరకదు. ఆ గేటు దగ్గర దొరికిపోయినవాడు ఒక విధంగా అదృష్టవంతుడే. దొరక్కుండా క్యాబిన్ సీటు సంపాదించినవాడి కథ ఇంకా ఘోరం. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లలో విమాన సిబ్బందినని నమ్మించి, దొంగ బ్యాడ్జ్ నంబర్లతో 120కి పైగా ఉచిత ప్రయాణాలు చేసిన ఒకణ్ణి 2025 జూన్‌లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టు జ్యూరీ దోషిగా తేల్చింది. అభియోగాలు వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటివాటి ద్వారా మోసం), మోసంతో విమానాశ్రయం భద్రతా ప్రాంతంలోకి చొరబడటం. చట్టం ప్రకారం మొదటిదానికి 20 ఏళ్ల దాకా, రెండోదానికి 10 ఏళ్ల దాకా జైలు. టికెట్ డబ్బులు మిగిలాయి మరి!

ఈ మెసేజ్ చదివేవాళ్లలో ఎక్కువమంది వీసా మీద వెళ్లి ఫ్లయింగ్ స్కూల్లో చేరే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. ట్రైనింగ్ మొదలయ్యేలోపే అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏకు వేలిముద్రలు ఇచ్చి ఉంటారు. మోసం కేసు పడితే వీసా గోవిందా. టీఎస్‌ఏ ఆ మనిషిని భద్రతా ముప్పుగా తేల్చి ఎఫ్‌ఏఏకు చెబితే నిబంధన 61.18 కింద లైసెన్సూ పోతుంది. పొలం అమ్మి కట్టిన ఫీజు ఒక్క లామినేషన్ కార్డుతో గంగలో కలుస్తుంది. కన్సల్టెన్సీవాడు ఆ రోజు ఫోన్ ఎత్తుతాడేమో చూడండి.

"ఖాళీ సీటే కదా, ఇంత రాద్ధాంతమెందుకు" అని కింద ఎవరో కామెంట్ పెట్టారు. ఎందుకంటే 1994 ఏప్రిల్ 7న మెంఫిస్ నుంచి బయల్దేరిన ఫెడెక్స్ 705లో జంప్‌సీట్ మీద ఎక్కినవాడు సుత్తులతో ముగ్గురు సిబ్బంది తలలు పగలగొట్టాడు. అతనూ ఆ కంపెనీ ఉద్యోగే. 2023 అక్టోబరు 22న ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న హొరైజన్ విమానంలో, జంప్‌సీట్‌లో ఉన్న అలాస్కా ఎయిర్‌లైన్స్ పైలట్ చెయ్యి చాచి తల పైనున్న రెండు ఎర్ర ఫైర్ హ్యాండిళ్లను పట్టుకున్నాడు. అవి పూర్తిగా లాగితే ఇంజిన్లకు ఇంధనం ఆగిపోతుంది. పైలట్లు అతని చెయ్యి పట్టుకుని ఆపి, పోర్ట్‌లాండ్‌లో దించారు. అన్ని తనిఖీలూ దాటిన మనిషి అతను. ఆ సీటు నుంచి ఏవేవి చేతికి అందుతాయో తెలిస్తే ఆ కామెంట్ పెట్టరు.

"ఇండియాలోనూ ఇదే రూలు" అన్నదానికి 2023 చూడండి. ఫిబ్రవరిలో దుబాయ్–ఢిల్లీ విమానంలో ప్రయాణికురాలిగా ఉన్న ఎయిర్ ఇండియా ఉద్యోగినిని కెప్టెన్ కాక్‌పిట్‌లోకి పిలిచినందుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అతని లైసెన్స్ 3 నెలలు సస్పెండ్ చేసి, ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా వేసింది. జూన్‌లో ఢిల్లీ–లేహ్ విమానంలో అలాంటిదే మళ్లీ జరిగితే కెప్టెన్‌కు ఏడాది సస్పెన్షన్. "మా కెప్టెన్ తెలిసినవాడే, కూర్చోబెడతాడు" అనే అన్నయ్యలు ఇది గమనించగలరు.

ఇక బదులుకు బదులు. ఫీనమ్ 300, సీజే3 లాంటి చిన్న ప్రైవేట్ జెట్ల కాక్‌పిట్‌లో ఉండేవి రెండే సీట్లు. వెనక కూర్చుందామంటే విమానం మొత్తానికి డబ్బు కట్టిన ఆసామి ముక్కూమొహం తెలియని పైలట్‌ను ఎందుకు ఎక్కించుకుంటాడు? ఖాళీగా తిరిగెళ్లే విమానంలో ఎప్పుడైనా వీలవ్వచ్చు, కానీ దానికి టైమ్‌టేబుల్ ఉండదు, గంట ముందు దారి మారుతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ప్రైవేట్ జెట్ పైలట్ ప్రయాణం సుఖమన్న మాట కొంతవరకు నిజమే, మెసేజ్‌లో చెప్పిన కారణం మాత్రం తప్పు. నెట్‌జెట్స్ లాంటి ఫ్రాక్షనల్ కంపెనీల్లో (ఒక్కో జెట్‌లో చాలామందికి వాటాలు అమ్మి నడిపేవి) వారం డ్యూటీ, వారం ఇల్లు పద్ధతి ఉంది. ఇంటి దగ్గర్లోని ఎయిర్‌పోర్టు నుంచి విమానం దగ్గరికి కంపెనీయే టికెట్ కొంటుంది, మైళ్లు పైలట్ ఖాతాలోనే పడతాయి. డ్యూటీ ఊరికి చేరడానికి గేటు దగ్గర బిక్కమొహంతో నిలబడే ఎయిర్‌లైన్ పైలట్ కంటే ఇదే నయం. క్యాస్‌లో లేకపోయినా, ఒప్పందం ఉంటే క్యాబిన్‌లో ఖాళీ సీటు ఇచ్చే ఎయిర్‌లైన్లు కూడా ఉన్నాయి.

కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లు కన్సల్టెన్సీకి కాదు, కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి అడగండి: నేను ఎగిరేది 135 కిందా, 91 కిందా? క్యాస్‌లో ఉన్నారా? ఏ ఎయిర్‌లైన్లతో ఒప్పందం ఉంది, కాక్‌పిట్‌కా, క్యాబిన్‌కేనా? డ్యూటీకి రావడానికి టికెట్ ఎవరు కొంటారు? నాలుగో ప్రశ్నకు "మీరే" అని జవాబొస్తే, జీతం అంకె మళ్లీ లెక్కేసుకోండి.