బెల్లం నిండుకుంది

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం. పూర్ణా మార్కెట్లో నేను, రెండు సంచులు, అత్తయ్యగారి చీటీ. చామంతులు బేరమాడుతుంటే ఫోన్ మోగింది.

"బాబూ, చీటీలో రాయలేదు గానీ, ఇంట్లో బెల్లం నిండుకుంది."

"మంచిదండీ" అన్నాను.

నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. మా ఇంట్లో సరుకు అయిపోతే అయిపోయిందనే అనేవారు. నాకు తెలిసిన 'నిండు'లన్నీ నిండు కుండ, నిండు జాబిల్లి, నిండు నూరేళ్లే. అనకాపల్లి దగ్గరే కదా, ఏ చుట్టమో బెల్లం దిమ్మ పంపి ఉంటాడనుకున్నాను. కొట్టతను "బెల్లం కావాలా?" అని రెండుసార్లు అడిగితే, "ఇంటినిండా ఉంది" అని గొప్పగా చెప్పి సీతమ్మధార వచ్చేశాను.

"అన్నీ పరిపూర్ణంగా తెచ్చాను" అంటూ సంచులు దించాను. అత్తయ్యగారు రెండూ వెతికి, ఒకటి తిరగేసి దులిపారు కూడా.

మావయ్యగారు రిటైరైన తెలుగు మాస్టారు. అక్షతలకు బియ్యంలోంచి విరిగిన గింజలు ఏరుతున్నారు. క్షతం కానిదే అక్షతం, నూకలు పనికిరావట.

"చీటీలో ఉన్నవి తెస్తే పని పూర్తయినట్టు అల్లుడుగారూ. ఏ భాగమూ వదలకపోతే సమగ్రం. తప్పు పట్టడానికి లేకపోతే నిర్దుష్టం. ఇంకేమీ చేర్చక్కర్లేకపోతే పరిపూర్ణం."

"మరి నాది?"

"వెలితి."

ఇంట్లో ఏదీ లేదనకూడదట. అందుకే ఆరిన దీపం కొండెక్కుతుంది, ఖాళీ డబ్బా నిండుకుంటుంది. మర్యాద బాగానే ఉంది, నాలాంటి వాళ్లకే ప్రమాదం.

"బూరెల్లో పూర్ణం అన్నా నిండుదనమే కదండీ?" అన్నాను, కాస్త పరువు దక్కుతుందేమోనని.

"అవును. అక్షరం పక్కన పెట్టే సున్నకీ ఆ పేరే, పూర్ణబిందువు. బెల్లం లేకపోతే రేపు మన పూర్ణం అదే."

మళ్లీ స్కూటర్ తీశాను. గురుద్వారా జంక్షన్ దాటకుండానే అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇంతలో ఇంటి నుంచి ఫోన్.

"ఎక్కడున్నారు బాబూ?"

"జంక్షన్‌లోనే అత్తయ్యగారూ. పెట్రోలు నిండుకుంది."

వెనక నుంచి మావయ్యగారి గొంతు వినిపించింది: "ఆఁ! ఇదీ నిర్దుష్టమైన వాక్యం!"