పెద్ద ఇంజిను గారికి, ఆ నాలుగు వేళ్ళ విషయమై

మహారాజశ్రీ పెద్ద డీజిల్ ఇంజిను గారి సన్నిధికి, తాము ప్రస్తుతం వేంచేసి ఉన్న, మేం ఇల్లుగా మార్చుకుని ఉంటున్న పాత బస్సు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం లేఖా మర్యాదే గానీ, ఈ మధ్యాహ్నం నుంచి నా వైపు కుశలం లేదు కాబట్టి ఆ మాటలో సగమే మీకు పంపుతున్నాను. మీరు క్షేమంగానే ఉన్నారు. 1200 కిలోల దేహంతో, కొత్తగా వెల్డింగ్ చేయించిన మౌంటింగుల మీద, ఒంటి మీద చెమట చుక్క కూడా లేకుండా హాయిగా కూర్చున్నారు. ఆ చెమటంతా మీ తరఫున నేను పోస్తున్నాను.

ఇవాళ్టితో మిమ్మల్ని చైన్ పుల్లీతో ఎత్తి దించడం నాలుగోసారి. ఒక చివర మేస్త్రీ, ఇంకో చివర ఆయన కుర్రాడు, మధ్యలో "ఇంకొంచెం, ఇంకొంచెం" అనడం తప్ప మరే ఉపయోగమూ లేని నేను. మూడు గంటలపాటు అంగుళం అంగుళంగా దించి, బోల్టులు బిగించి, రేడియేటర్‌ను దాని చోట కూర్చోబెట్టి, వెనుక తలుపు తెచ్చి మూస్తే, తలుపు అంచుకూ గొళ్ళెం కొక్కేనికీ మధ్య నా చేతి నాలుగు వేళ్ళు పక్కపక్కనే పట్టేంత ఖాళీ మిగిలింది. మొదటిసారి దించినప్పుడు మిగిలిందీ ఆ నాలుగు వేళ్ళే. టేపు పెడితే 70 మిల్లీమీటర్లు. మేస్త్రీ తలుపును భుజంతో ఒకసారి నెట్టి చూసి, నా వైపు చూడకుండా చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు.

మిమ్మల్ని నాకు అప్పగించిన పెద్దమనిషి "బోల్టులు బిగిస్తే చాలండీ, రెండు ఆదివారాల పని" అన్నాడు. ఇది పదకొండో ఆదివారం. ఆయన పూర్తిగా అబద్ధమాడాడని కూడా అనలేను. మీ ఫ్లైవీల్ హౌసింగూ, మా గేర్‌బాక్సు మూతీ రెండూ ఎస్ఏఈ 1 అనే ఒకే ప్రామాణిక కొలతవే కావడంతో ఆ చుట్టూ ఉన్న 12 బోల్టులూ పెట్టినవి పెట్టినట్టు దిగాయి. ఆ ఒక్క చోట నిజం చెప్పినందువల్లే మిగతా చోట్ల ఆయన్ని నమ్మాను.

మీకు ముందు ఆ చోట ఉన్నాయన, 1938లో మొదలైన 71 సిరీస్ డీజిల్ ఇంజిన్ల వంశం వాడు. ఒక్కో సిలిండరు 71 ఘనపుటంగుళాలు కావడం వల్ల ఆ పేరు. ఎనిమిది సిలిండర్లూ రెండు వరుసలుగా వి ఆకారంలో వాలి కూర్చునేవి కాబట్టి మొత్తం 568 ఘనపుటంగుళాలు, అంటే 9.3 లీటర్లు, నాలుగు సిలిండర్ల పొడవులోనే సర్దుకునేవి. రెండు స్ట్రోకుల ఇంజిను కాబట్టి ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండరూ మండేది, తనంతట గాలి పీల్చుకోలేక బ్లోయరుతో ఊదించుకునేది, ఆ అరుపుకు తగ్గ వేగం మాత్రం ఏనాడూ కనబడేది కాదు. కాగితం మీద 318 అశ్వశక్తి ఉండేది. ఎత్తెక్కేటప్పుడు వాటిలో కొన్ని గుర్రాలు దిగి వెనకాల నడిచి వస్తున్నాయేమో అనిపించేది. నిలబెట్టిన చోటల్లా ఆయిల్ ముగ్గు పెట్టేవాడు, షెడ్డు మూల పట్టా కింద పడుకోబెట్టినా ఇప్పటికీ పెడుతూనే ఉన్నాడు. కానీ ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ తలుపు చిటికెన వేలితో తోస్తే మూసుకునేది.

తమరి పద్ధతి వేరు. ఆరు సిలిండర్లు, ఒక్కోటి రెండు లీటర్ల పైచిలుకు, మొత్తం 12.7 లీటర్లు, అన్నీ ఒకే బెంచీ మీద బారుగా కూర్చోవలసిందే. ఇద్దరు తక్కువైతే చోటు మిగులుతుందని లెక్క వేసుకున్న నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

సరే, నాలుగు వేళ్ళే కదా, ఎక్కడో ఒకచోట సంపాదించలేమా అనుకున్నాం. ఇక్కడే అసలు కథ మొదలైంది. మిమ్మల్ని నాలుగు వేళ్ళు ముందుకు జరపబోయాం. వెనుక ఇంజిను బస్సు కాబట్టి మీ గేర్‌బాక్సుకూ ఇరుసుకూ మధ్య మీ బలాన్ని చక్రాలకు మోసే కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్టు, ముందే మూరెడు. అందులోంచి నాలుగు వేళ్ళు కోస్తే దాని వాలు నిటారైంది. వాలులో తిరిగే క్రాసు, అంటే ఆ షాఫ్టు చివరి కీలు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నెమ్మదిస్తుంది, రెండు చివర్ల కోణాలూ సమానంగా ఉంటేనే ఒకదాని తప్పు ఇంకొకటి దిద్దుతుంది, లేకపోతే బస్సు మొత్తం మలేరియా రోగిలా వణుకుతుందని మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. కోణం సరిచేయాలంటే మిమ్మల్ని పైకి లేపాలి. పైకి లేపితే మీ నెత్తి మా మంచం అడుగు పలకకు కొట్టుకుంది. బస్సును ఇల్లుగా మార్చుకున్నవాళ్ళ పడకగది ఎప్పుడూ ఇంజిను నెత్తి మీదే ఉంటుందని మీకు తెలియనిది కాదు.

"మంచం ఎంత ఎత్తు పెంచాలండీ?" అని మా ఆవిడ అడిగింది.

"నాలుగు వేళ్ళే."

"అయితే పైకప్పు కూడా నాలుగు వేళ్ళు పెంచుతారా, లేక నన్ను పాకుతూ పొమ్మంటారా?"

పోనీ, వెనుక ఉన్న రేడియేటర్‌నే పక్కకు మారుద్దామంటే, నాకు ముందు ఈ బస్సును ఇల్లు చేసిన మహానుభావుడు ఆ పక్క చోటులో మంచినీళ్ళ ట్యాంకు పెట్టి, దాని చుట్టూ వంటగది కట్టేశాడు. రేడియేటర్ పక్కకు వెళ్ళాలంటే ట్యాంకు కదలాలి, ట్యాంకు కదిలితే గొట్టాలు కదలాలి, గొట్టాలు కదిలితే వంటగది గట్టు పగలాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లి పాలకని ఆవును కొని, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి నాకంటే నయం. ఆయనకు ఆవైనా మిగిలింది.

ఇక మిగిలింది పంకా. దాన్ని రేడియేటర్‌కు మరీ దగ్గరగా జరిపితే రెక్కలు తిరిగే వలయం మేరకే గాలి ఆడుతుంది, నాలుగు మూలలూ చచ్చుబడిపోతాయి. పైగా, గాలిని ఒత్తి మీ లోపలికి ఎక్కించే టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే కూలరు మీకు ప్రత్యేకంగా కావాలి, పాతాయనకు ఆ వైభోగం లేదు, దాని మందమే దాదాపు ఆ నాలుగు వేళ్ళు. దాన్ని తీసేస్తే తలుపు మూసుకుంటుంది, మీరు చస్తారు.

మీ వల్ల కలిగిన ఇతర ఆనందాలను క్లుప్తంగా విన్నవిస్తాను. మీ వైర్ల చుట్టలో ఒక్క ప్లగ్గూ మా బస్సులో ఉన్న ఏ ప్లగ్గునూ ఎరగదు. మీ కంప్యూటరు యాక్సిలరేటర్ తొక్కే కాలును కూడా నమ్మదు, విద్యుత్ పెడల్ ద్వారా అర్జీ పెట్టుకోమంటుంది. వెనుక ఇరుసు అవతల మీరు వేలాడుతూ ఉండటం వల్ల బస్సు ముందు చక్రాలు రోడ్డుతో మునుపటంత సన్నిహితంగా లేవు. ఇవన్నీ సర్దుకుంటాను.

కానీ ఆ నాలుగు వేళ్ళు సర్దుకోలేను, ఎందుకంటే అవి అందం కోసం కాదు. తలుపు పూర్తిగా మూసుకుంటేనే రేడియేటర్ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ బిగుస్తుంది. బిగవకపోతే, పంకా లోపలికి లాగి మీ మీదికి తోసిన వేడిగాలి అంచుల సందుల్లోంచి బయటికొచ్చి, చుట్టు తిరిగి మళ్ళీ అదే రేడియేటర్ ముందు వరుసలో నిలబడుతుంది. మీరు తాగే డీజిల్‌లోని శక్తిలో మంచి రోజున 40 శాతం చక్రాల దారి పడుతుంది, మిగతాదంతా పొగగొట్టం నుంచో నీళ్ళ నుంచో వేడిగా పోవలసిందే. పంకాను గట్టిగా తిప్పుదామా అంటే, వేగం 10 శాతం పెంచితే అది మింగే శక్తి 33 శాతం పెరుగుతుంది. కొన్న గుర్రాలను పంకాకు మేపుకోవడమే అవుతుంది.

పోయిన ఆదివారం తలుపును తాడుతో కట్టి, మిమ్మల్ని మొదటిసారి ఎత్తు రోడ్డు ఎక్కించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సగం దూరం మీరు ఏనుగులా ఎక్కారు. తరువాత నీళ్ళ వేడి చూపే ముల్లు 90 డిగ్రీలు దాటింది, 95 దాటింది, 100 దాటింది. అప్పుడు మీ కంప్యూటరు గారు నన్ను ఒక్క మాట అడగకుండా మీ ఆరోగ్యం దృష్ట్యా మీ శక్తిని తగ్గించేశారు. ఒక ఎర్ర దీపం వెలిగింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. వేగం సూచించే ముల్లు దిగి దిగి ఒక అంకె దగ్గర ఆగింది, ఆ అంకెను నేను గుర్తుపట్టాను. ఇదే రోడ్డు మీద, ఇదే మలుపు దగ్గర, పట్టా కింద ఉన్న ఆ ముసలాయన ఎక్కే వేగం అది.

అంటే ఏమిటి? 430 అశ్వశక్తి కోసం పదకొండు ఆదివారాలు, రెండు మౌంటింగులు, ఒక క్రాస్ మెంబరు, నా నడుము, మా ఆవిడ నమ్మకం ధారపోస్తే, నువ్వు నన్ను తీసుకెళ్ళింది పాతాయన తీసుకెళ్ళిన వేగంతోనా? మీరు అన్న మాట ఇక నోటికి రావడం లేదు, నువ్వనే అంటాను. నాలుగు వేళ్ళురా! ఇంత ఒళ్ళు పెంచినవాడివి, ఇంత బారు మనిషివి, ముక్కు దగ్గర నాలుగు వేళ్ళు లోపలికి పీల్చుకోలేకపోయావా? ఆ తలుపు ఏం పాపం చేసింది? దాని మీద నంబరు ప్లేటు కూడా ఉంది, తాడు కట్టి నడిపితే రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ అది ఊగుతూ కనబడుతోంది. నేను బస్సుకు ఇంజిను మార్చానో, ఇంజినుకు బస్సును తొడిగానో నాకే అర్థం కావడం లేదు.

క్షమించండి. మళ్ళీ మర్యాదలోకి వస్తున్నాను.

మేస్త్రీ వెళ్ళిపోయాక, కోపం దిగేదాకా ఏం చేయాలో తెలియక మిమ్మల్ని ఒకసారి స్టార్ట్ చేశాను. పాతాయన మేలుకొంటే వంటగదిలో గిన్నెలన్నీ కలిసి మేలుకొనేవి. మీరు సగం చుట్టుకే అందుకుని, గొంతు తగ్గించి, ఆరు సిలిండర్లూ ఒకే మాట మీద నిలిచారు. మంచం మీద ఎవరో మరచిపోయిన గ్లాసులో నీళ్ళు పలచగా ఒక్క వలయం వేసి ఊరుకున్నాయి. ఎత్తు లేని రోడ్డు మీద, నిమిషానికి 1200 చుట్ల దగ్గర, ఇంకా సగం పెడల్ మిగిలి ఉండగానే బస్సును ఎవరో వెనుకనుంచి అరచేతితో నెట్టినట్టుండే ఆ అనుభవం నేను మరచిపోయానని చెప్పను. అప్పుడు పక్క సీట్లో ఉన్న మా ఆవిడ మామూలు గొంతుతో మాట్లాడింది. ఇరవై ఏళ్ళుగా ఈ బస్సులో మేం అరుచుకుంటూనే మాట్లాడుకున్నాం.

అందుచేత తమరికి తెలియజేయునదేమనగా, మంచం ఎత్తు పెరగదు, ట్యాంకు కదలదు, మీరూ కదలనక్కర్లేదు. రేపు ఉదయం తలుపు మధ్యభాగాన్ని చదరంగా కోసి, నాలుగు వేళ్ళ లోతున ఒక రేకు డబ్బా వెల్డింగ్ చేయించి, రబ్బరు పట్టీని దాని అంచుకు మారుస్తున్నాం. వెనుకనుంచి చూస్తే బస్సుకు బొజ్జ వచ్చినట్టు ఉంటుందని మేస్త్రీ ముందే హెచ్చరించాడు. ఉండనివ్వండి. నంబరు ప్లేటు ఆ బొజ్జ మీదే వస్తుంది.

ఇట్లు,
తలుపు పట్టుకుని నిలబడి ఉన్న
మీ యజమాని

తాజా కలం: డబ్బా లోతు ఐదు వేళ్ళు పెట్టమన్నాను. మీ సంగతి తెలిసిందే కదా.