పక్ వెంట పరిగెత్తని చూపు

శనివారం పొద్దున్నే ఐస్ హాకీ రింక్ బెంచీల మీద వణుకుతూ కూర్చుని మన నాన్నలందరం వేసే లెక్క ఒక్కటే. మావాడు ఎన్ని గోల్స్ కొట్టాడు? పోయిన సీజన్‌లో కోచ్ మా అబ్బాయిని ఫార్వర్డ్ నుంచి డిఫెన్స్‌కి మార్చాడు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఒక మిత్రుడైతే "అయ్యో, వెనక్కి నెట్టేశారా?" అని పరామర్శకి వచ్చాడు కూడా.

డిట్రాయిట్‌లో ఉంటూ నేను అలా ఏడవడం తప్పే. ఇక్కడి హాకీ జట్టు రెడ్ వింగ్స్‌కి ఆడిన గోర్డీ హౌ అంటే దేవుడు. నది మీద కట్టిన కొత్త వంతెనకీ ఆయన పేరే. ఆయన కొడుకు మార్క్ 16 ఏళ్ళకే, 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుతో వెండి పతకం గెలిచాడు. మరుసటి ఏడాది హ్యూస్టన్ ఏరోస్‌లో తండ్రితో, అన్న మార్టీతో కలిసి ఆడాడు. అప్పుడతను లెఫ్ట్ వింగ్, అంటే ఎడమవైపు ఫార్వర్డ్. పెద్ద పేరు తెచ్చుకున్నది మాత్రం డిఫెన్స్‌కి మారాకే.

1980 డిసెంబర్ 27న హార్ట్‌ఫర్డ్ జట్టు తరఫున ఆడుతూ జారి గోల్ నెట్‌లోకి దూసుకుపోయాడు. ఆ రోజుల్లో నెట్ అడుగున మధ్యలో కోసుగా ఒక ఇనుప రేకు ఉండేది. అది ఒంట్లో దిగబడింది. వెన్నెముకకి కొద్దిలో తప్పింది. బోలెడు రక్తం పోయింది. తర్వాత లీగ్ ఆ నెట్ డిజైన్‌నే మార్చింది. మనిషి మాత్రం మళ్ళీ ఐసు మీదికొచ్చాడు. 1982లో ఫిలడెల్ఫియాకి వెళ్ళి, ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీకి మూడుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కీ మూడుసార్లు వెళ్ళాడు: 1985, 1987, ఆఖరికి 1995లో సొంతూరి రెడ్ వింగ్స్‌తో. మూడూ ఓటమే. అక్కడితో ఆట ఆపేశాడు.

తర్వాత రెడ్ వింగ్స్‌కే స్కౌట్ అయ్యాడు. డ్రాఫ్ట్ కోసం కుర్రాళ్ళని ఏరే పని కాదు, ప్రో స్కౌటింగ్. అప్పటికే లీగుల్లో ఆడుతున్నవాళ్ళని చూసి, వీణ్ణి ట్రేడ్‌లో (ఆటగాళ్ళ మార్పిడిలో) తెచ్చుకోవచ్చా, ఇచ్చే డబ్బుకి తగ్గవాడేనా అని క్లబ్‌కి చెప్పాలి. కారు, హోటల్, ప్రెస్ బాక్స్, రిపోర్టు, మళ్ళీ కారు. జనమంతా పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) వైపు చూస్తుంటే స్కౌట్ మాత్రం పక్ లేనివాణ్ణి చూస్తాడు. మూలలో పక్ అందుకోబోయే ముందు భుజం మీంచి వెనక్కి చూసుకున్నాడా? మొదటి పాస్ తోటివాడి స్టిక్ మీదికి వెళ్ళిందా? మూడు గోల్స్ వెనకబడ్డాక కూడా వెనక్కి పరిగెత్తుకొస్తున్నాడా? డిఫెన్స్‌లో బతికినవాడికి ఇవి విడిగా నేర్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి అతను చేసిన పనే అది.

తండ్రి పేరు చూసి ఇచ్చిన ఉద్యోగం అంటారు కొందరు. పేరు తలుపు తీసి ఉండొచ్చు, కాదనను. కానీ పేరు చూసి ఎవరూ ఇరవై ఏళ్ళకు పైగా జీతం ఇవ్వరు. 1997, 1998, 2002, 2008ల్లో రెడ్ వింగ్స్ కప్ గెలిచినప్పుడు స్కౌట్‌గా అతనికి నాలుగు విజేత ఉంగరాలు వచ్చాయి. గోర్డీ ఆటగాడిగా గెలిచిన కప్పులూ సరిగ్గా నాలుగే! నా దృష్టిలో ఈ నాలుగు వాటికేం తీసిపోవు.

మన సంఘం వార్షికోత్సవంలో పిల్లలకి షీల్డులిచ్చేటప్పుడు "అత్యధిక గోల్స్" అని పిలవడం ఇక మానేద్దాం అంటాను. కమిటీలో ఈ మాట ఎత్తితే నవ్వారు. సరే, నవ్వనీ.

పోయిన శనివారం పక్ సంగతి వదిలేసి ఆటంతా మావాణ్ణే చూశాను. పక్కాయన అడిగాడు, "గోల్ కొట్టాడాండీ?"

"లేదండీ. రెండుసార్లు భుజం మీంచి వెనక్కి చూశాడు."

ఆయన నా వంక అదోలా చూసి, ఫోన్ తీసుకున్నాడు.